వెలుతురు తినని పగడాలు

మా అమ్మమ్మ మెడలో ఒక పగడాల దండ ఉండేది. చిన్నప్పుడు ఆ ఎర్రని పూసలను రాళ్ళనుకున్నాను. సముద్రం అడుగున చెట్లవలె మొలుస్తాయని తరువాత ఎవరో చెబితే అదీ నమ్మాను. అది ఒక ప్రాణి కట్టుకున్న ఎముకల గూడు వంటిదని తెలిసేసరికి నా చదువు పూర్తయిపోయింది. కిందటి చలికాలంలో ఒక మిత్రుని ఇంట, 60 లీటర్ల గాజుతొట్టిలో, ఆ పగడానికి దాయాది వరుసైన మెత్తని పగడం ఒకటి ఆకలితో కుంచించుకుపోతుండగా చూశాను. దాని పేరు డెండ్రోనెఫ్తియా. గాజువంటి కాడ, దాని కొమ్మల చివర గులాబిరంగు గుత్తులు. కొన్నప్పుడు జానెడు ఎత్తున ఉండేదట, నేను చూసేనాటికి బొటనవేలంత మిగిలింది.

"నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, దీపాలు ఖరీదైనవి. ఇంకేం కావాలి దీనికి?" అన్నాడు మిత్రుడు. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే, మనుషులు ఈ ప్రశ్న చుట్టూ దాదాపు మూడువందల ఏళ్ళు తిరిగారని తెలిసింది.

మన భాషనే చూడండి. సంస్కృతం నుండి మనకు వచ్చిన 'ప్రవాళం' అన్న మాటకు పగడమనీ, లేతచిగురు అనీ రెండర్థాలు. 'విద్రుమం'లో ద్రుమం, అంటే చెట్టు, కనబడుతూనే ఉంది. సముద్రపు నాచు మెడూసా తల తగిలి గట్టిపడితే పగడమైందని రోమన్ కవి ఓవిడ్ కథ చెప్పాడు. తాము భారతదేశపు ముత్యాలకు ఎంత విలువ ఇస్తారో, భారతీయులు పగడానికి అంత విలువ ఇస్తారని మొదటి శతాబ్దంలో ప్లినీ రాశాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో, సుంకం కట్టవలసిన సరుకుల పట్టికలో పగడాలున్నాయి. ఇంత విలువగల వస్తువు ఏం తిని బతుకుతుందన్న ఆలోచన కొన్నవారికీ, అమ్మినవారికీ రాలేదు. చెట్టుకూ రాయికీ అన్నం పెట్టవలసిన పని లేదు కదా!

1706లో ఇటలీకి చెందిన మార్సిలీ అనే సైనికుడు, ప్రకృతి పరిశోధకుడు, మార్సెయి దగ్గరి సముద్రం నుండి తీసిన ఎర్రపగడపు కొమ్మను సముద్రపు నీళ్ళున్న గాజుపాత్రలో ఉంచాడు. కొంతసేపటికి కొమ్మనిండా ఎనిమిదేసి రేకుల తెల్లని పువ్వులు విచ్చుకున్నాయి. నీటి నుండి బయటికి తీస్తే ముడుచుకున్నాయి, మళ్ళీ ముంచితే విచ్చుకున్నాయి. పగడం చెట్టేనని నిరూపణ అయిపోయిందని ఆయన ఆనందించాడు. నా దృష్టిలో గాజుపాత్రలోని పగడాల చరిత్రకు అదే మొదటి పుట. అది పొరపాటుతో మొదలైంది.

ఆ పొరపాటును సరిదిద్దినవాడు మార్సెయి వైద్యుడు పేసొనెల్. 1720ల నడుమ, మొదట సొంత ఊరి దగ్గర, పిదప ఉత్తర ఆఫ్రికా తీరాన పగడాలను పరిశీలించి, అవి పువ్వులు కావనీ, రేకులనుకున్నవి చిన్న ప్రాణుల చేతులనీ చెప్పాడు. ఫ్రెంచి విజ్ఞాన అకాడమీలో పెద్దమనిషి రెయోమ్యూర్‌కు ఆ మాట నచ్చలేదు. 1727లో దాన్ని ఖండిస్తూ, పరువు పోకుండా కాపాడడానికన్నట్లు, పేసొనెల్ పేరైనా ఎత్తలేదు. పేసొనెల్ ఓడ ఎక్కి గ్వాడెలూప్ దీవికి వెళ్ళిపోయాడు. 1740లలో ట్రెంబ్లే మంచినీటి హైడ్రాను, జుస్యూ సముద్రతీరపు ప్రాణులను పరిశీలించాక గాని రెయోమ్యూర్ తన తప్పు ఒప్పుకోలేదు. పేసొనెల్ 1751లో తన రాతలను లండన్ రాయల్ సొసైటీకి పంపుకున్నాడు.

ప్రాణి అని తేలాక, దాన్ని ఇంట్లో బతికించిన గౌరవం ఒక గృహిణికి దక్కింది. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండులోని టార్కీ తీరంలో చిన్న పగడాలను సేకరించింది. ఇవి రాతిపగడాలే గాని, వీటికీ వెలుతురుతో పని లేదు. ప్రయాణపు కుదుపులకు దెబ్బతినకుండా సూదీదారంతో వాటిని ఒక పెద్ద స్పంజికి కుట్టి, రాతిజాడీలో పెట్టి లండన్‌కు తెచ్చింది. నగరంలో సముద్రపు నీరు ఎప్పుడూ దొరకదు. అందుకని తెరిచిన కిటికీ ముందు నిలబడి, ఆ నీటినే రోజూ ముప్పావుగంట దాకా ఒక పాత్రలో నుండి మరొక పాత్రలోకి తిరగపోసేవారు. మన ఇళ్ళలో పాలు చల్లార్చినట్లే. ఆ పని చాలావరకు ఇంటి పనిమనిషి చేతుల మీదుగా సాగింది. ఆమె పేరు ఎక్కడా చూడలేదు. మరుసటి ఏడు థిన్ సముద్రపు నాచును చేర్చింది. పగడాలు బతికాయి, పిల్లలు పెట్టాయి.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ఫిలిప్ గాస్ సహాయంతో జలచరాల గాజుతొట్లు వెలిశాయి. 1854లో ఆయన పుస్తకం వచ్చింది. ఇంటింటా తొట్టి పెట్టుకోవాలన్న మోజు పెరిగి, జనం తీరాలను ఊడ్చిపెట్టారు. తండ్రి అందంగా వర్ణించిన రాతిమడుగులు బోసిపోయాయని కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో బాధపడ్డాడు.

తరువాతి మలుపు వెలుతురుది. కొన్ని జీవుల శరీరంలో ఉండే పసుపు శైవలాలకు 1881లో కార్ల్ బ్రాంట్ జూజాంథెల్లా అని పేరు పెట్టాడు. పగడపు ఒంట్లో కాపురముండే ఈ శైవలాలు ఎండతో ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి పంచుతాయి. 1980ల నుండి బలమైన దీపాలు, నురగతో మలినాన్ని తీసే యంత్రాలు, శుభ్రమైన నీరు అందుబాటులోకి వచ్చి ఇళ్ళలో పగడాలు పెరగసాగాయి. అయితే ఆ విజయం వెంట ఒక పాత పొరపాటు కొత్త రూపంలో వచ్చింది. పగడానికి వెలుతురు చాలునని అందరూ అనుకున్నారు. అంటే దాన్ని మళ్ళీ చెట్టును చేశారు!

డెండ్రోనెఫ్తియాలో ఆ శైవలాలు లేవు. అమ్మమ్మ దండలోని ఎర్రపగడానికీ లేవు. అది సముద్రపు గుహల్లో, చీకటి లోతుల్లో బతుకుతుంది. ఇవి నీటిలో కొట్టుకొచ్చే తిండి కోసం చేతులు చాచి నిలబడే ప్రాణులు. ఎర్రసముద్రపు డెండ్రోనెఫ్తియాను పరిశీలించిన ఫాబ్రిషియస్, బెనయాహు, గెనిన్ 1995లో ఒక విశేషం ప్రకటించారు. దాని ఆహారంలో ముఖ్యభాగం కంటికి కనబడని వృక్షప్లవకాలు. జంతుప్లవకాల నుండి దానికి దొరికేది స్వల్పం. పైగా ఎంత తినగలదన్నది నీటి ప్రవాహాన్ని బట్టి ఉంటుంది.

చిన్నతొట్టిలో చిక్కు ఇక్కడే. సముద్రంలో తిండి పలుచగా ఉన్నా రాత్రింబవళ్ళు ప్రవహిస్తూనే ఉంటుంది. తొట్టిలో ఆ పలుచదనాన్ని నిలపడం కష్టం. కొంచెం వేస్తే ఎటూ చాలదు. ఎక్కువ వేస్తే మిగిలింది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, ఆపైన నైట్రేటు, ఫాస్ఫేటు పేరుకుంటాయి. నీరు చిన్నదైనకొద్దీ పాడయ్యే వేగం పెద్దది. మరీ గట్టిగా వడపోస్తే మురికితో పాటు తిండి కూడా పోతుంది. అందుకే వీటిని పోషించేవారు ప్లవకాల ద్రావణాన్ని చల్లగా ఉంచి, చిన్న పంపుతో బొట్టుబొట్టుగా రోజంతా వదులుతారు, ఆగని ప్రవాహం పెడతారు, నీరు తరచు మారుస్తారు. ఇంత చేసినా బతుకుతుందన్న పూచీ లేదు. ఆకలిగొన్న పగడం అరవదు, పరుగెత్తదు. నెలల తరబడి కుంచించుకుపోతుంది, చివరిదాకా రంగు మాత్రం అలాగే ఉంటుంది. చూసేవారు బాగానే ఉందనుకుంటారు.

నేను చదివినదంతా మిత్రునికి చెప్పాను. పాపం, ఆయన మూడు పూటలా తిండి వేయడం మొదలుపెట్టాడు. రెండు వారాలు అది విచ్చుకుంది. ఆపైన నీరు చెడింది. ఉగాది నాటికి పగడం లేదు, అది అంటుకున్న రాయి మిగిలింది. "ముందే తెలిసివుంటే కొనేవాణ్ణి కాదు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. అమ్మినవారు అది ఏం తింటుందో చెప్పలేదు, ఈయన అడగలేదు.

మన దేశంలో రాతిపగడాలు, నల్లపగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుండి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. చట్టం లేనిచోట కూడా, చేపట్టబోయే ప్రాణి ఏం తింటుందో, దాన్ని మనం రోజూ పెట్టగలమో లేదో తెలుసుకోవడం కనీస ధర్మం. కిటికీ ముందు నిలబడి ముప్పావుగంట నీళ్ళు తిరగపోసిన ఆ పేరులేని పనిమనిషికి ఉన్నంత ఓపిక నాకు లేదు. అందుకే మా ఇంట్లో ఉన్న పగడాలు అమ్మమ్మ దండలోవి మాత్రమే. అవి ఒకప్పుడు చీకటిలో చేతులు చాచి అన్నం అందుకున్నాయని ఇప్పుడు తెలుసు గనుక, చేతిలోకి తీసుకున్నప్పుడు మునుపటిలా రాళ్ళనిపించడం లేదు.