సింగారం నుంచి విశ్వం దాకా

ముఖానికి రాసుకునే కాస్మెటిక్స్‌కూ నక్షత్రాలు నిండిన కాస్మోస్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది. గ్రీకులో ‘కాస్మోస్’ అంటే క్రమం, పొందిక, అలంకారం కూడా. హోమర్ ‘ఇలియడ్’లో భర్త జ్యూస్‌ను ఏమార్చడానికి హేరా దేవత చేసుకున్న సింగారమంతా కాస్మోసే. సైన్యాన్ని బారులు తీర్చడానికి వాడే క్రియా ఈ మాట నుంచి వచ్చిందే.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో, ఇప్పటి తుర్కియే తీరంలోని మిలేటస్ రేవులో, థేలీస్, అనాక్సిమాండర్ వంటి తత్వవేత్తలు భూకంపాలకూ పిడుగులకూ దేవతల కోపాన్ని వదిలేసి వేరే కారణాలు వెతికారు. లోకం నడకకు ఒక పద్ధతి ఉందని వాళ్ల నమ్మకం. ఆ పద్ధతికి తర్వాత కుదిరిన పేరు కాస్మోస్. విశ్వాన్ని మొదట అలా పిలిచింది పైథాగరస్ అని తర్వాతివాళ్లు రాశారు. ఆయన ఖాతాలో వేసిన గొప్పలు చాలానే కాబట్టి నేను దీన్ని సగమే నమ్ముతాను. హెరాక్లిటస్ సంగతి అలా కాదు. ఈ కాస్మోస్‌ను దేవుడూ చేయలేదు, మనిషీ చేయలేదు, అది ఎప్పటికీ జీవించే నిప్పు అని ఆయన చెప్పిన మాట ఒక శకలంగా మిగిలి ఉంది.

రష్యన్లు అంతరిక్షాన్నే కాస్మోస్ అంటారు. అందుకే 1984లో సోవియట్ నౌకలో వెళ్లిన రాకేశ్ శర్మ కాస్మొనాట్ అయ్యారు. అమెరికా నౌక ఎక్కి ఉంటే ఆస్ట్రోనాట్ అనేవాళ్లం.