కర్పూరం కలిసిన రీలు

1929 డిసెంబరు 31. స్కాట్లాండ్‌లోని పెయిస్లీ పట్టణం. తెల్లవారితే కొత్త సంవత్సరం. ఇల్లు దులిపి కడుక్కునే పనిలో ఉన్న తల్లులు పిల్లల చేతిలో చిల్లర పెట్టి గ్లెన్ సినిమా హాలుకు మధ్యాహ్నం ఆటకు పంపేశారు. తెర మీద కౌబాయ్ బొమ్మ, హాలు నిండా వందల మంది పిల్లలు. పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అప్పుడే ఆడి దిగిన రీలు ఒకటి రేకు డబ్బాలో చేరింది. ఆపరేటరుకు సాయంగా ఉండే కుర్రాడు దాన్ని రీళ్లు చుట్టే గదిలో పెట్టాడు. అక్కడ ఉన్న బ్యాటరీకి డబ్బా తగిలి షార్టయింది. మూత సందుల్లోంచి నల్లటి చిక్కని పొగ మొదలైంది.

మంట హాల్లోకి రానేలేదు. డబ్బాను ఎలాగో బయటికి చేర్చి పారేశారు కూడా. కానీ అప్పటికే పొగ పిల్లల మధ్యకు వచ్చేసింది. ఎవరో నిప్పని అరిచారు. పిల్లలంతా తెర పక్కనున్న దారి పట్టి, మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. దానికి తోడు ఇనుప జాలీ గేటు మూసి ఉంది. ముందున్నవాళ్లు ఆగిపోయారు, వెనకవాళ్లు ఆగలేదు. 71 మంది పిల్లలు చనిపోయారు. ఒక్కరికీ కాలిన గాయం లేదు. ఒకరి కింద ఒకరు నలిగి, ఊపిరాడక పోయారు. మేనేజరు మీద కేసు పెట్టారు, నిర్దోషిగా వదిలేశారు.

ఇంత పొగ పుట్టించిన ఆ రీలు దేనితో తయారైంది? పత్తి, నత్రికామ్లం, గంధకికామ్లం, కర్పూరం. పత్తిని ఆ రెండు ఆమ్లాల్లో నానబెడితే సెల్యులోజ్ నైట్రేట్ వస్తుంది. నత్రజని పాలు ఎక్కువైతే అది గన్ కాటన్, అంటే ఫిరంగుల్లో కూరే మందు. పాలు కొంచెం తగ్గించి, పెళుసు పోయి వంగడానికి కర్పూరం చేరిస్తే సెల్యులాయిడ్. దాన్ని పల్చగా పొరలా చేసి, వెండి లవణాల పూత పూసి, అంచులకు చిల్లులు కొడితే సినిమా ఫిల్ము. 1889 నుంచి 1950ల మొదటి సంవత్సరాల దాకా ప్రపంచం చూసిన సినిమాల్లో చాలా భాగం ఈ ఫిల్ము మీదే ఆడింది. మూకీలూ తొలి టాకీలూ దీని మీదే పుట్టాయి.

దీని గుణమేమిటంటే, కాలడానికి బయటి గాలి అక్కర్లేదు. తనకు కావలసిన ఆక్సిజన్ తనలోనే ఉంటుంది. అందుకే ఇసుక కప్పినా, నీళ్లు పోసినా, చివరికి నీళ్లలో ముంచినా కాలుతూనే ఉంటుంది. గాలి ఆడని డబ్బాలో అంటుకుంటే ఇంకా ప్రమాదం. అప్పుడు మంటకు బదులు నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువులు దట్టంగా ఎగదన్నుతాయి.

అలాంటి వస్తువును మండే కార్బన్ కడ్డీల ముందు నుంచి లాగడమే ఆపరేటరు ఉద్యోగం. రెండు కార్బన్ల మధ్య పుట్టే ఆర్క్ వెలుగును అద్దంతో ఒక్కచోటికి చేర్చి, ఫిల్ము జారే గేటు మీదికి కొడతారు. ఒక్కో ఫ్రేము ఆ వెలుగు ముందు సెకనులో చిన్న ముక్కసేపు నిలిచి, పక్కకు తప్పుకుంటుంది. తప్పుకున్నంతసేపూ క్షేమమే. చిల్లు చిరిగి గానీ, అతుకు ఊడి గానీ రీలు గేటులో ఇరుక్కుందంటే రెప్పపాటులో అంటుకుంటుంది. తెర మీద బొమ్మ నడుమ గోధుమరంగు మచ్చ పుట్టి, అంచులకు పాకి, బొమ్మను మింగేయడం జనానికి కనిపించేది. క్యాబిన్‌లో ఆ మనిషి ఏం చేస్తున్నాడో ఎవరికీ కనిపించేది కాదు. మెషీన్ ఆపి, రీలు తెంపి, కిటికీల ఇనుప మూతలు దించడానికి అతనికి దొరికేది కొన్ని క్షణాలే. ఆ క్యాబిన్లలో చేతులు కాల్చుకున్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో సినిమా చరిత్ర పుస్తకాలు రాయలేదు. తారల గురించి అన్ని వందల పేజీలు రాసిన చరిత్రలో వాళ్లకు చోటు లేకపోవడం అన్యాయం.

సినిమా పుట్టిన ఊళ్లోనే మొదటి పెద్ద ప్రాణనష్టం జరిగింది. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి ప్రదర్శన ఇచ్చిన ఏడాదిన్నరలోపే, 1897 మే 4న, అదే పారిస్‌లోని జాఁ గుజోఁ వీధిలో ధర్మకార్యాల కోసం సంత పెట్టారు. చెక్క కట్టడం. లోపల అట్టలతో, రంగు గుడ్డలతో మధ్యయుగపు వీధి సెట్టు వేశారు. పైన పందిరిలా కాన్వాసు. కొత్త వింతగా ఒక మూల సినిమా. ప్రొజెక్టరు దీపం ఈథరుతో వెలిగేది. దీపంలో ఈథరు పోస్తుండగా ఎవరో అగ్గిపుల్ల గీశారు, ఆవిరి అంటుకుంది. పైనున్న కాన్వాసు నిప్పు తునకలుగా జనం మీద పడింది. 126 మంది పోయారు. ఎక్కువ మంది స్త్రీలు, చాలామంది గొప్పింటివారు. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ చెల్లెలు, అలాన్సోఁ డచెస్, వారిలో ఒకరు. ముందు మిగిలినవాళ్లను పంపమని ఆమె ఆగిపోయారు. మృతదేహాన్ని పళ్ల వరసను బట్టి గుర్తించాల్సి వచ్చింది. వెనక ఉన్న హోటల్ వంటవాళ్లు వంటింటి కిటికీ ఊచలు విరగ్గొట్టి ఎంతోమందిని లోపలికి లాగి బతికించారు. ఈ ప్రమాదానికి కారణం దీపమే, ఫిల్ము కాదు. అయినా సినిమా అంటే నిప్పన్న భయం యూరప్‌లో ఆ రోజే పడింది.

భయం పడినా జాగ్రత్త మాత్రం అన్ని ఊళ్లకూ చేరలేదు. బ్రిటన్‌లో 1909లో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. ప్రొజెక్టరును నిప్పంటుకోని గదిలో, జనానికి వేరుగా పెట్టాలన్నది. మన దేశంలో అలాంటి చట్టం 1918లో వచ్చింది. దాన్ని మనం సెన్సారు చట్టంగానే గుర్తుపెట్టుకున్నాం గానీ, ప్రేక్షకుల ప్రాణ రక్షణకు లైసెన్సు ఉండాలన్నది కూడా అందులో భాగమే. అయితే పల్లెటూళ్లలో ఒక్కరోజు ఆడించిపోయేవాళ్లను అడిగేదెవరు? 1926 సెప్టెంబరు 5, ఆదివారం. ఐర్లాండ్‌లోని డ్రమ్‌కాలొహర్ అనే చిన్న ఊళ్లో ఒక దుకాణం మేడ మీద సినిమా వేశారు. కార్క్ నగరం నుంచి రీళ్లు తెచ్చినతను బరువు తగ్గుతుందని రేకు డబ్బాలు అక్కడే వదిలి, రీళ్లను సంచిలో వేసుకొచ్చాడు. అవి బల్ల మీద విడిగా ఉన్నాయి. పక్కనే కొవ్వొత్తి. పైకీ కిందికీ ఒక్కటే దారి, నిప్పు ఆ దారి దగ్గరే. రెండో చివర కిటికీలకు ఊచలు. 48 మంది చనిపోయారు. రేకు డబ్బాల బరువు మోసి ఉంటే వాళ్లందరూ ఆ రాత్రి ఇళ్లకు వెళ్లేవారు.

ఈ ఫిల్ము సినిమా హాళ్లతో ఆగలేదు. ఆస్పత్రులకూ చేరింది. ఎక్స్‌రేలు తీసేది కూడా దీని మీదే. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో కొన్నేళ్ల ఎక్స్‌రే ఫిల్ములు నేలమాళిగలో ఒక గదిలో పేర్చి ఉన్నాయి. 1929 మే 15 ఉదయం ఆ గదిలో ఆవిరి గొట్టం కారుతోందని మరమ్మతు మనిషిని పిలిచారు. అతను గొట్టం పైపొర విప్పి, ఆవిరి ఆపించడానికి వెళ్లి, తిరిగి వచ్చేసరికి గది పొగలు కక్కుతోంది. ఆవిరి వేడా, నగ్నంగా వేలాడే బల్బా, ఎవరో పారేసిన సిగరెట్టా అన్నది విచారణలో తేలలేదు. పేలుళ్లు జరిగాయి. గోధుమ, పసుపు రంగుల వాయువు గొట్టాల సందుల గుండా అన్ని అంతస్తులకూ ఎక్కింది. వైద్యానికి వచ్చినవాళ్లు వరండాల్లోనే కూలిపోయారు. ఇంకా ఘోరమేమిటంటే, కొందరు తమ కాళ్ల మీద తాము బయటికి నడిచి వచ్చారు, బాగానే ఉన్నామన్నారు, ఇళ్లకు వెళ్లారు. నైట్రోజన్ డయాక్సైడ్ పీల్చిన ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత నీటితో నిండుతాయి. ఆ క్లినిక్ స్థాపించిన నలుగురు డాక్టర్లలో ఒకరైన జాన్ ఫిలిప్స్ కూడా అలాగే బయటపడి, ఆ సాయంత్రమే చనిపోయారు. మొత్తం మృతులు 123 మంది.

ఇక్కడే ఈ చరిత్రలో కడుపు మండించే విషయం ఉంది. అంటుకోని ఫిల్ము అప్పటికే ఉంది. సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసిన 'సేఫ్టీ ఫిల్ము'ను కొడాక్ కంపెనీ 1909లోనే సినిమావాళ్లకు ఇచ్చి చూసింది. అది త్వరగా అరుగుతోంది, కుంచించుకుపోతోంది అన్నారు. రెండేళ్లకే మళ్లీ నైట్రేట్‌కు వచ్చేశారు. 1923లో ఇళ్లలో సినిమా తీసుకునేవాళ్ల కోసం 16 ఎంఎం ఫిల్ము తెచ్చినప్పుడు మాత్రం మొదటి రోజు నుంచీ సేఫ్టీ ఫిల్మే. డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూముల్లో నైట్రేట్ ఉండకూడదని కంపెనీకి బాగా తెలుసు. 1924 నాటికి ఎక్స్‌రేలకూ సేఫ్టీ ఫిల్ము బజారులో ఉంది. క్లీవ్‌లాండ్ నేలమాళిగలో నైట్రేట్ తగలబడింది ఆ తర్వాత అయిదేళ్లకు. పెయిస్లీ పిల్లలు పోయింది ఆ ఏడాది చివరనే. హాళ్లకు పంపే 35 ఎంఎం నైట్రేట్ తయారీ ఆగడానికి 1950ల దాకా పట్టింది. సాంకేతిక ఇబ్బందులు నిజమే కావచ్చు. కానీ ఎవరి ప్రాణానికి ముందు జాగ్రత్త పడ్డారో చూస్తే, మిగిలినవాళ్లను ఎంత తేలిగ్గా లెక్కగట్టారో అర్థమవుతుంది.

పెయిస్లీ తర్వాత బ్రిటన్‌లో నిబంధనలు బిగించారు. తలుపులు బయటికి తెరుచుకోవాలి, లోపలి నుంచి తోస్తే చాలు తెరుచుకోవాలి, దారులు పెరగాలి. మన ఊళ్లలో పాత హాళ్లు చూసినవాళ్లకు క్యాబిన్‌కు విడిగా ఉండే ఇనుప మెట్లు, గోడకు వరసగా వేలాడే ఇసుక నింపిన ఎర్ర బకెట్లు గుర్తుంటాయి. నైట్రేట్ కాలపు భయమే ఆ జాగ్రత్తలకు మూలం. ఫిల్ము మారాక ఆ బకెట్లు సిగరెట్ పీకలకు పనికొచ్చాయి, తలుపులకు తాళాలు పడ్డాయి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాలో 59 మంది చనిపోయారు. అక్కడ నిప్పు ట్రాన్స్‌ఫార్మర్‌ది. కానీ పొగ, మూసిన దారులు, ఊపిరాడని జనం మాత్రం పెయిస్లీలో ఉన్నవే.

మనుషులను వదిలిపెట్టిన చోట కూడా నైట్రేట్ సినిమాలను వదల్లేదు. అది నిప్పు లేకుండానే చస్తుంది. మొదట బొమ్మ వెలిసిపోతుంది. తర్వాత ఫిల్ము పొరలు ఒకదానికొకటి అంటుకుని, పైన బెల్లం పాకంలాంటి జిగురు బుడగలు లేస్తాయి. ముక్కుపుటాలు అదిరే ఘాటు వాసన వస్తుంది. అది ముదిరితే రీలంతా గట్టి ముద్దయి, చివరకు గోధుమరంగు పొడి అవుతుంది. ఇలా కుళ్లుతున్న రీలు 41 డిగ్రీల వేడిలో ఎక్కువ రోజులు ఉంటే ఏ నిప్పూ తగలకుండానే అంటుకోగలదని 1940ల చివర్లో అమెరికాలో పరీక్షల్లో తేలింది. అంతకుముందే, 1937 జూలై 9న, వడగాడ్పుల రోజుల్లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ ఫిల్ము గోదాము తగలబడింది. ఒక బాలుడు చనిపోయాడు. ఆ కంపెనీ మూకీ చిత్రాల్లో చాలా భాగం ఆ రాత్రితో లేకుండా పోయింది. న్యూజెర్సీలో అది అరుదైన ఎండ. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో 41 డిగ్రీలంటే మామూలు రోజు.

ఆ వేడిలోనే మన తొలి సినిమాలు రేకు డబ్బాల్లో ఊరూరా తిరిగాయి. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోన్ కొని డేరాల్లో బొమ్మలాడించారు, గెయిటీ హాలు కట్టించారు. 1921లో ఆయన కుమారుడు ప్రకాశ్ 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఆ సినిమా ఈ రోజు లేదు. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' లేదు. లీలావతిగా సురభి కమలాబాయి ఎలా పాడారో, ఎలా నడిచారో మనం ఎప్పటికీ చూడలేం. అన్నీ నిప్పుకే పోలేదు. ఆడి ఆడి అరిగినవి కొన్ని, పొడి అయినవి కొన్ని, వెండి కోసం కరిగించినవి ఎన్నో. పూతలోని వెండి తీసి, మిగిలిన సెల్యులాయిడ్‌ను గాజులకూ సంచులకూ అమ్మేసేవారు. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' రీళ్లను వెండి తీసేసి వదిలించుకున్నామని నిర్మాత ఇంటివాళ్లే తనకు చెప్పారని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను కట్టి నిలబెట్టిన పి.కె. నాయర్ చెప్పేవారు.

కాపాడి దాచినవాటికీ గండం తప్పలేదు. 2003 జనవరి 8న పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోని నైట్రేట్ గోదాము కాలిపోయింది. ఆరు వందలకు పైగా చిత్రాల రీళ్లు బూడిదయ్యాయి. కొన్నింటికి అప్పటికే సేఫ్టీ ఫిల్ము నకళ్లు ఉండటం ఒక్కటే ఊరట.

ఈ ఫిల్మును ఏ దేశమూ భద్రంగా దాచలేదనుకుంటే పొరపాటు. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వర్జీనియాలోని కల్పెపర్‌లో నైట్రేట్ కోసమే 124 విడివిడి గదులు కట్టి, చల్లగా, పొడిగా ఉంచుతోంది. ఒక గది అంటుకున్నా పక్క గదికి పాకదు. అలా ఉంచితే వందేళ్ల రీలు కూడా ఈ రోజుకూ తెర మీద ఆడుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం 2015లో అసలు నైట్రేట్ ప్రింట్లతోనే ఉత్సవం మొదలుపెట్టింది. ఆ నలుపు తెలుపుల మెరుపు తర్వాతి ఫిల్ముల్లో రాలేదని చూసినవాళ్లు అంటారు.

మన దగ్గర టూరింగ్ టాకీసులు నడిపిన కుటుంబాల అటకల మీద, పాత పంపిణీదారుల గోదాముల్లో తుప్పు పట్టిన రేకు డబ్బాలు ఇంకా ఎక్కడో ఉండే ఉంటాయి. 1950లకు ముందువైతే జాగ్రత్త. ఫిల్ము అంచున, చిల్లుల పక్కన, ఇంగ్లిషు అక్షరాల్లో 'నైట్రేట్' అనో 'సేఫ్టీ' అనో చిన్నగా అచ్చేసి ఉండవచ్చు. ఘాటు వాసన వస్తుంటే డబ్బాను మళ్లీ తెరవకండి, ఎండలో పెట్టకండి, దీపం, సిగరెట్టు దగ్గరికి రానివ్వకండి. పాత సామాన్లవాడికి వేయకండి, పెరట్లో తగలబెట్టకండి. నీడ పట్టున, మనుషులు పడుకోని చోట ఉంచి, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు చేయండి. 'మార్తాండ వర్మ' అనే మలయాళ మూకీ రీళ్లు 1974లో తిరువనంతపురంలో ఒక పుస్తకాల సంస్థ దగ్గరే దొరికాయి. 'భీష్మ ప్రతిజ్ఞ' రీలు ఒక్కటైనా ఏ అటక మీదా లేదని ఇంకా ఎవరూ వెతికి తేల్చలేదు.