ఏ పట్టణమునకు పోవలెను? — పద్మశాలీయుల వలసచరిత్రలో నొక ప్రశ్న

మన కులచరిత్రమును వ్రాయువారు సాధారణముగా మార్కండేయ మహర్షితో నారంభించి, శాసనములను, సంస్థానములను దాటి, నేటి సభలయొద్దకు వచ్చుచుందురు. ఆ చరిత్రము మనకు గౌరవప్రదమే. అయినను దానియం దొక మనుష్యుడు కనబడుట లేదు. అతడు మూట చంకనిడుకొని, తానెన్నడును జూడని పట్టణమునకు ఒంటరిగా బయలుదేరినవాడు. షోలాపురము, ముంబయి, భీవండి, సూరతు మున్నగు పట్టణములయందు నేడు స్థిరపడియున్న మన కుటుంబములలో ననేకములకు మూలపురుషు డట్టివాడే. అతనికి శాసనము లేదు, బిరుదము లేదు. కాని అతడొకనాడు ఒక ప్రశ్నకు తానే సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను: ఏ పట్టణమునకు పోవలెను? ఆ సమాధానము నతడెట్లు కనుగొనెనో, అది యతనికి ఏమి తెచ్చిపెట్టెనో విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట అతడిల్లు విడుచుటకు గల కారణమును జూతము. పందొమ్మిదవ శతాబ్దమున లాంకషైరు మిల్లుల వస్త్రములును నూలును మన దేశమును ముంచెత్తెను. చేతితో నూలు వడుకు వృత్తి క్షీణించెను. చేనేత పూర్తిగా నశింపలేదు. కాని నేతగాడు మిల్లు నూలునకై సాహుకారు నాశ్రయింపవలసినవా డయ్యెను. నూలు సాహుకారుది, బట్ట సాహుకారుది, బాకీ మాత్రము నేతగానిది. పైగా 1876-78 నాటి మహాక్షామమును, 1896-97లోను 1899-1900లోను వచ్చిన కఱవులును దక్కను దేశమును కుదిపివేసెను. పంట పండని యేట రైతు చీర కొనడు. రైతు కొననియెడల సాలెయింట పొయ్యి రాజదు. అందుచే మగ్గము విడువలేని మనవారు ఊరు విడిచిరి.

పోవుటకు దారి చూపినది రైలు. 1853లో బొంబాయి, ఠాణాల నడుమ తొలి రైలు నడచెను. 1860 నాటికి ఇనుపదారి షోలాపురమును జేరెను. 1871లో రాయచూరునొద్ద మద్రాసు వైపునుండి వచ్చిన మార్గముతో గలిసెను. 1874లో వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకు నైజాము రైలు వచ్చెను. 1901 నాటికి సికింద్రాబాదునుండి కామారెడ్డి, నాటి యిందూరు, నాందేడులమీదుగా మన్మాడువఱకు మఱియొక మార్గ మేర్పడెను. తాతలనాడు బండ్లమీద వారములకొలది పోవలసిన దూరము మనుమలనాటికి రెండు మూడు దినముల ప్రయాణ మయ్యెను. దూరము తగ్గినకొలది ఎన్నిక కష్టమయ్యెను. ఒక్కటే దారియున్నవానికి సందేహము లేదు. రెండు దారు లున్నవానికే చింత.

నాటి యెలగందుల జిల్లాలోని సిరిసిల్ల ప్రాంతపు యువకు నొకనిని మనస్సున ఊహించుకొందము. ఇతడు కల్పితుడు, ఇతని స్థితి మాత్రము కల్పితము గాదు. ఇతడు ఊరినుండి కామారెడ్డి స్టేషనునకు వచ్చి నిలిచెను. పడమటికి బోవు రైలెక్కి, మన్మాడులో మాఱినచో బొంబాయి. వెనుకకు సికింద్రాబాదు వచ్చి, వాడిమీదుగా బోయినచో షోలాపురము. రెండును అన్యభాషా ప్రాంతములే. రెండింటిలోను ఇతని ముఖ మెఱిగినవా డుండునో యుండడో! చేత నున్నది ఒక టిక్కెట్టునకు సరిపోవు సొమ్ము మాత్రమే. తప్పుగా నెన్నుకొన్నచో తిరిగివచ్చుటకు చార్జీ లేదు. ఇట్టివాని మనస్సులో నాలుగు ప్రశ్నలు మెదలక తప్పదు: చేతికి తెలిసిన పని దొరకునా? చెవికి తెలిసిన మాట వినబడునా? తలకు నీడ యుండునా? అవసరమైనచో తిరిగి రాగలనా?

బొంబాయి విషయమును ముందుగా జూతము. అచ్చట తొలి బట్టలమిల్లు కంపెనీ 1854లో స్థాపితమై, 1856లో పని ప్రారంభించెను. శతాబ్దాంతమునకు మిల్లుల పొగగొట్టములు ఆ ద్వీపమును నింపివేసెను. నెల తిరుగునప్పటికి జీతము చేతబడును. తెలుగువారు అచ్చట క్రొత్తవారును గారు; నైజాము రాజ్యమునుండి వచ్చి యిండ్లు, రోడ్లు కట్టిన కామాటీల పేరనే కామాటిపుర మను పేట వెలసినది. కాని మిల్లులో ప్రవేశము యజమానునిచేతిలో లేదు, ముకద్దముచేతిలో నుండెను. అతనికి ముడుపు చెల్లింపనిది మగ్గముదరికి జేరుట దుర్లభము. చేతిమగ్గముపై ఆరితేఱినవాడైనను ఆవిరియంత్రపు మగ్గమునొద్ద మరల నోనమాలు దిద్దవలసినదే. నివాసమో, ఒక్కొక్క గదిలో పదిమంది వంతులవారీగా నిద్రించు చాళ్ళు. అన్నిటికంటె భయంకరమైనది 1896లో నా నగరమున బొడసూపిన ప్లేగు. జనులు లక్షలుగా నగరము విడిచి పారిపోయిరి. అటుపిమ్మట ననేక సంవత్సరములు ఆ వ్యాధి మరల మరల తలయెత్తుచునే యుండెను.

షోలాపురము పరిస్థితి వేఱు. అచ్చటను 1877లో నొక పెద్ద మిల్లు వెలసినది. పాతమిల్లను నర్థమున ప్రజలు దానిని జూనీమి ల్లనిరి. అయినను మనవారి నాకర్షించినది మిల్లుకంటె చేనేత కార్ఖానా. ఒకే కప్పుక్రింద కొన్ని మగ్గములు నెలకొల్పి, పనివారిని నియమించి, దక్కను స్త్రీలు కట్టు చీరలు నేయించు కార్ఖానాదారులలో మన కులమువారు పెక్కురుండిరి. అచ్చట నాడె, పన్నె, పడుగు, పేక యను మాటలు తెలిసినవానికి మఱియే సిఫారసును అక్కఱలేదు. వీథిలో మరాఠీ, కన్నడములు వినబడినను కార్ఖానాలో తెలుగే. పనివాడు మగ్గముప్రక్కనే పండుకొనవచ్చును. పండుగకు ఊరు పోయిరావచ్చును. నాలుగు ప్రశ్నలకును సమాధాన మనుకూలముగానే యుండెను. అందుచేతనే జీతము పెద్దదని బొంబాయి పేరుపొందినను, చేతిపని నమ్ముకొన్నవా రనేకులు షోలాపురమువైపు మొగ్గిరి.

అయితే అతడడుగని అయిదవ ప్రశ్న యొకటి గలదు. కార్ఖానాదారుడు చేరిననాడే ముందుసొమ్ము నిచ్చును. అది తీఱువఱకు పనివాడు మఱియొక కార్ఖానాకు పోరాదు. పెండ్లి వచ్చును, పురుడు వచ్చును, బాకీ పెరుగును. ఊర సాహుకారు బాకీని దప్పించుకొనుటకై వచ్చినవాడు పట్టణమున మఱియొక బాకీలో జిక్కుకొనెను. ఈమాఱు బాకీ యిచ్చినవాడు స్వకులస్థుడే. ఈ సంగతి మన సభలలో జెప్పుట కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను సత్యమును దాచిన చరిత్రము చరిత్రము గాదు. కులబంధువు తలుపు దెఱచెను. ఆ తలుపునకు గడియయు నతడే బిగించెను. ఈ రెండును నిజములే.

అట్లయిన నా యువకుడు ఈ ప్రశ్నను ఏల యడుగలేదు? అతనికి పట్టణమును దెలిపినది పుస్తకము గాదు, పత్రిక గాదు. ముందు పోయినవాని మాట. దసరాకు క్రొత్త రుమాలు చుట్టుకొని యింటికి వచ్చినవాడు మిఠాయి పంచును, చెల్లెలికి చీర పెట్టును; ఆ ఖర్చునకై తెచ్చిన అప్పును మాత్రము చెప్పడు. చెప్పినచో చిన్నతనము. తల్లికి జాబు వ్రాయునప్పుడు క్షేమమే వ్రాయును గాని దగ్గును వ్రాయడు. ఇందులో మోసము లేదు, మానము గలదు. కాని ఆ మానమువలన వెనుక వచ్చువాడు సగము మాత్రమే తెలిసికొని బయలుదేరెను. ఒంటరిగా నిర్ణయించుకొంటినని యతడనుకొనెను. నిజమునకు నిర్ణయించినది ముందు పోయినవాని మాట. అందును అతడు చెప్పిన మాటకంటె చెప్పక విడిచిన మాట.

ఈ న్యాయము మనకు మాత్రమే పరిమితము గాదు. తూర్పుతీరపు తెలుగువారిని జూడుడు. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి స్టీమర్లమీద వేలకొలది జనులు రంగూనునకు బోయిరి. వారికి పట్టణము నెన్నిపెట్టినవాడు మేస్త్రీ. ఓడచార్జీ నతడే పెట్టుకొని, పని యతడే చూపి, కూలిలో నతడే పట్టుకొనును. అచ్చట నేటేట కూలి దొరకుచున్నంతకాలము ఆ యెన్నిక మంచిదిగానే తోచెను. 1930 మే మాసమున రంగూను రేవులో తెలుగు కూలీలకును బర్మా కూలీలకును నడుమ కలహము చెలరేగి యనేకులు హతులైరి. 1942లో జపాను సైన్యములు రాగా, లక్షలాది భారతీయులు దేశము విడిచి వచ్చిరి. కొండలు, అడవులు కాలినడకన దాటుచు వేలకొలది జనులు దారిలోనే మరణించిరి. తిరుగుదారి యను ప్రశ్నను చిన్నదిగా నెంచరాదని యీ వృత్తాంతము బోధించుచున్నది.

మన పట్టణములును శాశ్వతములు గావు. షోలాపురపు పాతమిల్లు 1960ల దశాబ్దమున మూతపడెను. చేతిమగ్గముల స్థానమున విద్యుచ్ఛక్తితో నడచు సాంచెలు వచ్చెను. ఆ పట్టణపు దుప్పట్లు, తువాళ్ళు దేశమంతట బ్రసిద్ధి కెక్కెను. బొంబాయిలో 1982 జనవరి 18వ తేదీన సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె తరువాత అనేక మిల్లులు మరల తెఱువబడలేదు. ఒకనాడు పక్కా ఉద్యోగమని పేరుపొందినదే మొదట కూలెను. పని పోయినవారు కొందఱు భీవండికి, కొందఱు సూరతునకు, మఱికొందఱు స్వగ్రామములకు బోయిరి. పరదేశమున సాంచెల పని నేర్చినవారు కొందఱు సిరిసిల్లకు దిరిగివచ్చి యచ్చటనే సాంచెలు నెలకొల్పిరి. 1990ల చివరినుండి ఆ సిరిసిల్లలోనే బాకీభారమున నేతకార్మికు లాత్మహత్యలు చేసికొనుట మన మెఱిగిన దుఃఖమే. కావున ఏ పట్టణమును స్వర్గము గాదు, స్వగ్రామమును స్వర్గము గాదు.

ఇంతవఱకు పురుషుని గూర్చియే చెప్పితిని. అతని వెనుక వచ్చిన యిల్లాలికి ఎన్నిక యను మాటయే లేదు. భర్త యెన్నుకొన్న పట్టణమే ఆమె పట్టణము. ఆమె కండెలు చుట్టెను; ఆ పనికి వేఱుగా కూలి లేదు. షోలాపురమున తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి, వేలకొలది తెలుగు కుటుంబములను స్త్రీలే నిలిపిరి. 2006లో షోలాపురమునొద్ద బీడీ కార్మిక స్త్రీల సహకార సంఘమువారు 10,000 గృహములుగల కాలనీని సాధించుకొనిరి; వారిలో తెలుగు స్త్రీ లనేకులు. తాను ఎన్నుకొనని పట్టణమున తన పేర నొక యిల్లు సంపాదించుకొన్న స్త్రీ చరిత్రమునకు మన సంచికలలో నింకను తగిన చోటు దొరకవలసియున్నది.

నేడు కాలము మాఱినది. మన కుమార్తెలును కుమారులును చదువులకై, ఉద్యోగములకై హైదరాబాదు, బెంగుళూరు, పూనా నగరములకు ఒంటరిగా బోవుచున్నారు. వారిచేతిలో ఫోను గలదు; అందు లోకమంతయు గలదు. అయినను కామారెడ్డి స్టేషనులో నిలిచిన యా యువకుని ప్రశ్నలే వారి ప్రశ్నలు. జీతమెంతయో ఎవరైనను చెప్పుదురు. అద్దె పోగా మిగులున దెంత? ఆ వీథిలో ఒంటరి పడుచు రాత్రి యింటికి నిర్భయముగా రాగలదా? ఉద్యోగము పోయిననాడు నెలదినములు తలదాచుకొనుటకు చోటెక్కడ? వీనికి బదులు చెప్పవలసినవాడు అచ్చటికి ముందు పోయినవాడే.

కావున మహాశయులారా, ఈ మహాసభకు విచ్చేసిన పెద్దలకును పోషకులకును నాదొక్కటే మనవి. ప్రతి పట్టణమునందును గల మన శాఖలు క్రొత్తగా వచ్చువారికై ఒక గదిని, ఒక పుస్తకమును ఉంచవలెను. గది నెలదినముల నీడకు. పుస్తకము నిజమునకు: ఆ పట్టణమున పని యెట్టిది, అద్దె యెంత, అప్పు పెట్టువా డెవడు, దేనికి జాగ్రత్త పడవలెను, ఎవరు నష్టపోయిరి, ఏల నష్టపోయిరి అను సంగతులు మానాభిమానములు విడిచి అందు వ్రాయవలెను. రమ్మని వ్రాయదగినచోట రమ్మని, వలదని వ్రాయదగినచోట వలదని వ్రాయవలెను. సత్రములు కట్టించినవారి పేర్లు రాతిపై జెక్కుదుము. వెనుక వచ్చువానికి నిజము చెప్పినవాని పేరు ఏ రాతిపైనను ఉండదు. కాని ఒక కుటుంబము బాకీ లేక బ్రదుకుటయే అతనికి శాసనము. మన పూర్వులు చెప్పక విడిచిన మాటను మనము చెప్పుదము గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.