ఆరోగ్యవరము నుండి స్వస్థత కూటముల వరకు

వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను ఊళ్లను కలుపుకొని యున్న ఈ మెట్టసీమలో క్రైస్తవ మతము ఒక చేత గ్రంథమును, మరియొక చేత మందుల పెట్టెను పట్టుకొని ప్రవేశించినది. కనుక నేడు ఇచ్చటి పల్లెలలో రాత్రివేళ పందిళ్ల క్రింద జరుగు స్వస్థత కూటముల మంచిచెడ్డలు విచారింపదలచినవాడు మొదట ఆసుపత్రుల చరిత్రను తడవి చూడవలెను. ఆ చరిత్రను విడిచి ఈ కూటములకు మూలమైన ఆత్మాభిషేక ఉద్యమమును వట్టి ఉద్రేకమని త్రోసివేయువారును, అది నిన్న మొన్న దిగివచ్చిన క్రొత్త వెలుగని కొనియాడువారును సమానముగా పొరపడుచున్నారని నా అభిప్రాయము.

1853లో స్కడ్డరు సోదరులు నెలకొల్పిన అమెరికను ఆర్కాటు మిషను పక్షమున జేకబ్ చేంబర్లేను 1863లో మదనపల్లెకు వచ్చెను. ఆయన బోధకుడు, వైద్యుడు. తెలుగును శ్రద్ధతో అభ్యసించి తెలుగు బైబిలు సవరణయందు పాటుపడినవాడు. 1908లో కన్నుమూయువరకు ఆయన పేరు ఈ సీమతోనే పెనవేసికొని యుండెను. ఔషధశాలకు వచ్చిన రోగుల యెదుట వాక్యము చదివి, ప్రార్థన చేసి, అటుపిమ్మట రోగము విచారించి మందిచ్చుట ఆనాటి వైద్య మిషనరీల పద్ధతి. తరువాతి కాలమున మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలసినది. పలు మిషనులు చేయి కలిపి స్థాపించిన క్షయరోగ చికిత్సాలయము 1915 నాటికి ఊరి వెలుపల ఆరోగ్యవరమున స్థిరపడినది. డెన్మార్కు దేశీయుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ వైద్యుడు దానికి తొలి అధిపతి. క్షయను నిర్మూలించు మందు ఇంకను పుట్టని ఆ దినములలో, ఆ వైద్యులు రోగికి ఈయగలిగినది విశ్రాంతి, బలమైన ఆహారము, పరిశుభ్రమైన గాలి, నెలల తరబడి ఎడతెగని పరామర్శ. కోలుకొని ఇల్లు చేరినవారు ఉండిరి; చేరనివారును ఉండిరి. చేరనివారిని విశ్వాసహీనులని ఆ వైద్యులు అనలేదు. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా ప్రారంభమైనప్పుడు తొలి కేంద్రములలో మదనపల్లె యొకటి యగుట ఈ ఓపికకు దక్కిన గౌరవము.

ఐనను ఆ మిషనుయొక్క వేదాంతమున ఒక లోటు కలదు. ఆర్కాటు మిషను కాల్విను సంప్రదాయమునకు చెందినది. స్వస్థపరచు వరము అపొస్తలుల కాలముతోనే అంతరించినదని కాల్విను అభిప్రాయపడెను. దేవుడు వైద్యుని చేతిద్వారా స్వస్థపరచును, అద్భుతమును ఎదురుచూడరాదు అను నీ బోధ విజ్ఞానమునకు అనుకూలము, నిరాడంబరము. కాని దానియందు రోగి కేవలము పుచ్చుకొనువాడు. మందు దొర చేతిలోనిది, శాస్త్రము దొర గ్రంథములోనిది. రోగికి మిగిలినది మ్రొక్కి వెళ్లుట మాత్రమే. ఈ నేలకు అట్టి మౌనము అలవాటు లేదు. వాల్మీకిపురమునకు చేరువనే యున్న తరిగొండలో 18వ శతాబ్దమున పుట్టిన వెంగమాంబ, బాలవితంతువై యుండియు కేశఖండనమునకు ఒప్పుకొనక, తన భక్తికి తానే ప్రమాణమై కావ్యములు రచించెను. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరయందు పూనకము వచ్చిన స్త్రీ మాటను ఊరంతయు నిలిచి వినును. దైవము తన నోట పలుకునను నమ్మకము ఇచ్చటి సామాన్యునకు మిషనరీలు రాకపూర్వమే కలదు. మిషను ఆరాధనక్రమములో ఆ నమ్మకమునకు చోటు దొరకలేదు.

ఆ చోటు కల్పించిన ఉద్యమము సముద్రము దాటివచ్చినదని తలచుట సగము సత్యమే. లాస్ ఏంజెలిస్ అజూసా వీధిలో విలియం సీమోరు అను నల్లజాతి బోధకుని కూటములు 1906లో ఆరంభమైనవి. కాని అంతకు ఒక్క సంవత్సరము ముందే మన దేశమున పండిత రమాబాయి ముక్తి ఆశ్రమమున అనాథ బాలికల నడుమ ఆత్మోజ్జీవనము కలిగినది. ఇంకను వెనుకకు పోయినచో, 1860లోనే తిరునల్వేలిలో అరుళప్పన్ అను తమిళ బోధకుని సంఘమున భాషలు మాట్లాడుట, ప్రవచించుట కనబడినవి. తెలుగునాట 1935లో భారత పెంతెకొస్తు సంఘము ఏలూరునందు చట్టబద్ధముగా నమోదైనది. లూథరను సంఘమున పనిచేసిన ముంగమూరి దేవదాసుగారు 1938లో బైబిలు మిషనును ప్రారంభించి, స్వప్నములకు, దర్శనములకు, స్వస్థత ప్రార్థనకు సంఘజీవనములో స్థానమిచ్చిరి. 1941లో మదరాసున సంఘము నారంభించి, పిదప హైదరాబాదు హెబ్రోను కేంద్రముగా పనిచేసిన భక్తసింగ్ పెంతెకొస్తు మతస్థుడు కాకపోయినను, చాపలమీద కూర్చుండుట, గంటలకొలది ప్రార్థించుట, అందరును ఒక్క పంక్తిని ప్రేమవిందు భుజించుట అను పద్ధతులను తెలుగు విశ్వాసులకు అలవరచెను. 1960 తరువాత అమెరికాలో పాత సంఘముల లోపలనే, 1967 నుండి కతోలికులలోను, ఆత్మవరముల యుద్యమము వ్యాపించినది. మూడు భాషల కూడలియైన కుప్పము వంటి చోట తమిళ, కన్నడ సీమల పాటలును బోధలును సరిహద్దు నడిగి రావు.

ఈ ఉద్యమము చేసిన మేలును మొదట నిండుమనస్సుతో చెప్పవలెను. ఊరి రచ్చబండకడ నోరెత్తుటకు వీలులేని దళితవాడల స్త్రీ, తలపై కొంగు కప్పుకొని, వందమంది యెదుట లేచి నిలిచి సాక్ష్యము చెప్పుచున్నది. భర్త సారా మానిన వృత్తాంతము, బిడ్డ జ్వరము తగ్గిన వృత్తాంతము, అప్పు తీరిన వృత్తాంతము ఆమె తన మాటలలోనే చెప్పును. అది ఆ సంఘమునకు గ్రంథపాఠముతో సమానము. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో రోగి తలపై చేయి నుంచునది కాపరి యొక్కడే కాదు, పక్కింటి అవ్వయు. పెద్ద వైద్యాలయము ఈయలేనిది ఇది: రోగిని చుట్టుకొని యుండు సమూహము. యాకోబు పత్రికలో సంఘపు పెద్దలు నూనె రాచి ప్రార్థింపవలెనని యున్న విధిని పాత సంఘములు మరచియుండగా వీరు జ్ఞప్తికి తెచ్చిరి.

కాని స్వస్థతను విశ్వాసమునకు కొలబద్దగా చేసినచోట వీరి బోధ గ్రంథమునకే విరుద్ధము. పౌలు తన శరీరములోని ముల్లును తొలగింపుమని ముమ్మారు వేడుకొనియు పొందలేదు. త్రోఫిమును రోగిగనే మిలేతులో విడిచి వెళ్లెను. తిమోతి కడుపు జబ్బునకు ప్రార్థనతో సరిపెట్టక కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనెను. వీరిలో నెవ్వరి విశ్వాసమును ఎవ్వరును శంకింపలేదు. విశ్వాసము చాలదు గనుక రోగము పోలేదని మంచమునబడినవానితో చెప్పుట రోగముపైన మరియొక రోగము పెట్టుట. క్షయకు మాత్రలు ఆరు నెలలైనను తప్పక మ్రింగవలెను. దగ్గు తగ్గగానే స్వస్థత కలిగినదని సాక్ష్యము చెప్పించి మందు మాన్పించినచో, ఆ రోగము మందుకు లొంగనిదై తిరిగివచ్చి, ఇంటిల్లిపాదికిని అంటవచ్చును. ఆరోగ్యవరము నెలకొన్న సీమలో అట్టి బోధ పలుకుట నాకు మిక్కిలి బాధాకరము. మాత్రలును మానవద్దు, ప్రార్థనయు మానవద్దు అని చెప్పు కాపరి చేంబర్లేనుకును దేవదాసుకును ఒక్కసారిగా వారసుడు.

భాషలు మాట్లాడుటను గూర్చి నాకు అంత కలత లేదు. అర్థము చెప్పువాడు లేనిచో సభలో మౌనముగా నుండవలెనని పౌలే కట్టడి చేసెను, అది చాలును. కలత అధికారమును గూర్చినది. ఆర్కాటు మిషను సంఘములలో, తరువాత 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో, కాపరిని ప్రశ్నించుటకు కమిటీలు, లెక్కలు చూచుటకు సభలు కలవు. అవి జగడములకు నెలవులైనను కలవు. దైవజనుడొక్కని పిలుపుమీద నిలిచిన మందిరములలో దశమభాగము ఎవరి చేతికి పోవుచున్నదో అడుగువాడు లేడు, అడిగినవాడు ఆత్మను దుఃఖపెట్టినవాడగుచున్నాడు. ఐతే ఇద్దరు ముగ్గురు ప్రవచింపగా తక్కినవారు వివేచింపవలెనని కొరింథు సంఘమునకు వ్రాయబడిన నియమము ఈ మందిరముల గ్రంథములోనిదే. సాక్ష్యము చెప్పుటకు ఆ స్త్రీకి ధైర్యమిచ్చిన సంఘము, కానుకల లెక్క అడుగుటకును ఆమెకు అదే వేదికపై చోటీయవలెను.