ఉప్పు రవ్వంత ఆనవాలు

"రొమ్ములో సున్నం పేరుకుందట గదమ్మా, క్యాల్షియం బిళ్లలు మానెయ్యనా?" మామోగ్రామ్ రిపోర్టుతో నా గదిలోకి వచ్చే ఆడవాళ్లు చాలామంది మొదట అడిగేది ఇదే. మానక్కర్లేదు, తినే క్యాల్షియానికీ దీనికీ సంబంధం లేదని చెబుతాను. ఆ తెల్లటి రవ్వలను తెర మీద పెద్దవి చేసి చూపిస్తాను. నేను ఈ పనిలో చేరిన రోజుల్లో అయితే ఫిల్మును లైట్ బాక్సుకు తగిలించి భూతద్దంతో వెతికేవాళ్లం. అర మిల్లీమీటరు కూడా ఉండని ఆ రవ్వలను చదవడం నేర్చుకోవడానికి వైద్యులకు దశాబ్దాలు పట్టింది.

1913లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే సర్జన్, ఆపరేషన్‌లో తీసేసిన రొమ్ములకు ఎక్స్‌రేలు తీశాడు. అదే కణజాలాన్ని మైక్రోస్కోపులో చూసి రెంటినీ పోల్చాడు. అలా దాదాపు 3,000 చూశాడు. కొన్ని కేన్సర్ల నడుమ సన్నటి చుక్కలు కనబడ్డాయి. అవి దేనికి గుర్తో ఆయనకు పూర్తిగా అందలేదు. యూదుడు కావడంతో నాజీల కాలంలో ఉద్యోగం పోయింది. 1938లో సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. విడుదలయ్యాక నెదర్లాండ్స్ చేరి ప్రాణం దక్కించుకున్నాడు. ఆయన కూతురు, చిత్రకారిణి షార్లెట్‌ను మాత్రం 1943లో ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆ తండ్రి వేసిన దారిలోనే నా రోజువారీ పని నడుస్తోందని నేనెప్పుడూ మరిచిపోను.

ఆ చుక్కలకు అర్థం చెప్పినవాడు ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలోని రావుల్ లెబోర్న్. ఆయన రొమ్మును నొక్కిపట్టి ఎక్స్‌రే తీశాడు. నొక్కితే మందం తగ్గుతుంది, కదలిక ఆగుతుంది, రవ్వలు తేటగా కనబడతాయి. ఈనాటికీ ఆడవాళ్లు పళ్లబిగువున ఓర్చుకునే నొక్కుడు అందుకే. సుమారు 30 శాతం కేన్సర్లలో ఉప్పు రవ్వల్లాంటి క్యాల్షియం ఉందని 1951లో ఆయన ప్రకటించాడు. 1960లో హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్, ఎవరు తీసినా ఒకేలా వచ్చే ఎక్స్‌రే పద్ధతిని వెయ్యి కేసులతో చూపించాడు. ఆ దశకంలోనే స్ట్రాస్‌బర్గ్‌లో షార్ల్ గ్రో, మాలిబ్డినం ట్యూబుతో రొమ్ముకోసమే ప్రత్యేకంగా యంత్రం చేయించాడు.

రవ్వలు కనబడటం ఒక ఎత్తు, వాటిని చదవడం మరో ఎత్తు. ఫ్రాన్స్‌లో మిషెల్ ల గాల్, జర్మనీలో మార్తా లాన్యి వాటి ఆకారాన్నీ అమరికనూ పట్టి వర్గాలు కట్టారు. మొక్కజొన్న పేలాల్లా ముద్దలుగా ఉంటే పాతబడిన ఫైబ్రోఅడినోమా, అంటే కేన్సర్ కాని గడ్డ. రైలు పట్టాల్లా జంటగీతలైతే రక్తనాళం గోడ. పక్కనుంచి తీసిన ఫిల్ములో నెలవంకలా కనబడితే నీటితిత్తి అడుగున పేరిన క్యాల్షియం. వీటికి భయపడనక్కర్లేదు. సన్నటి గీతలు పంగలకర్రలా చీలితే మాత్రం నా గుండె ఝల్లుమంటుంది. పాలనాళంలో కేన్సర్ కణాలు పెరిగి, చచ్చి, అక్కడే క్యాల్షియం పేరుకుంటే రవ్వలు నాళం ఆకారమే తెచ్చుకుంటాయి. 1993లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ బైరాడ్స్ పేరుతో ఈ మాటలకు ఒక ఉమ్మడి భాష ఇచ్చింది.

అనుమానం తీరకపోతే ఎక్స్‌రే చూపిన చోట సూది గుచ్చి చిన్న ముక్కలు తీస్తాం. స్టాక్‌హోమ్‌లో 1970లలో మొదలైన పద్ధతి ఇది. తీసిన ముక్కలను వరసగా పేర్చి వాటికీ ఎక్స్‌రే తీస్తాం. అందులో రవ్వలు కనబడితేనే సూది సరైన చోటికి వెళ్లినట్టు. తరవాత అవే ముక్కలు మైక్రోస్కోపు కిందికి వెళతాయి. ఫిల్ము చెప్పిందీ మైక్రోస్కోపు చెప్పిందీ పొసగకపోతే మళ్లీ ముక్క తీయాల్సిందే.

1913లో సాలమన్ చేసిన పని సరిగ్గా ఇదే. శరీరం నుంచి తీసిన కణజాలానికి ఎక్స్‌రే, ఆపైన మైక్రోస్కోపు, ఆపైన పోలిక. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు రవ్వల పేర్ల కంటే ముందు ఈ పోలికనే నేర్పుతాను. మొదటి ఫిల్ము తెర మీద పెట్టేముందు ఆయన పేరు చెబుతాను.