మెడకు వేలాడే మెట్ల వాద్యం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు హార్మోనియం కొత్తది కాదు. ధర్మపురి, కొండగట్టు, వేములవాడ క్షేత్రాలున్న ఈ సీమలో భజన, యక్షగానం, పద్యనాటకం చిరకాలంగా ప్రజల వినోదాలు. చిందు యక్షగానంలో మద్దెలకూ తాళాలకూ హార్మోనియం తోడుంటుంది. కూర్చుని పాడేటప్పుడు ఆ పెట్టె నేలమీద ఉంటుంది. ఊరేగింపు కదిలిందంటే దానికొక పట్టీ కట్టి మెడకు తగిలించుకోవలసినదే. ఒక చేయి తిత్తిని ఊదుతుంది, రెండవ చేయి మెట్లమీద ఆడుతుంది, కాళ్ళు నడుస్తూనే ఉంటాయి.

ఈ దృశ్యాన్ని ఎరిగినవారికి నేటి యువకులు వేదికలపై తగిలించుకొనే ‘కీటార్’ వింతగా తోచదు. గిటారువలె భుజానికి వేలాడుతూ, హార్మోనియంవలె మెట్లు గల విద్యుత్ వాద్యమే కీటార్. వాద్యాన్ని మోస్తూ, నడుస్తూ, శ్రోతల ముఖాలు చూస్తూ వాయించాలనే కోరిక దీనికి మూలం. ఆ కోరిక చాలా పాతది.

1795లో వియన్నా నగరంలో కార్ల్ లియోపోల్డ్ రోలిగ్ అనే సంగీతజ్ఞుడు ‘ఆర్ఫికా’ అనే చిన్న పియానోను రూపొందించాడు. దానిని పట్టీతో తగిలించుకొని తోటలో తిరుగుతూ వాయించవచ్చును. దానికోసం బీథోవెన్ కూడా రెండు చిన్న రచనలు చేశాడు. అయితే చిన్న తీగలనుండి పెద్ద ధ్వని రాదు. అందువల్ల అది ఎంతోకాలం నిలువలేదు.

ధ్వని సమస్యను తీర్చినది లోహపు నాలుక. సన్నని ఇత్తడి రేకు ఒక చివర బిగింపబడి, రెండవ చివర స్వేచ్ఛగా ఉంటుంది. గాలి తగలగానే అది కంపించి స్వరం పలుకుతుంది. ఈ సూత్రం చైనాలోని ‘షెంగ్’ వాద్యంలో ప్రాచీనకాలంనుండి ఉన్నదే. 1829లో వియన్నాలోనే సిరిల్ డెమియన్ అకార్డియన్‌కు హక్కులు పొందాడు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ హార్మోనియంకు పొందాడు. నాలుక కొనను ఆకురాయితో కొంచెం అరగదీస్తే బరువు తగ్గి శ్రుతి హెచ్చుతుంది. మొదలును గీస్తే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. హార్మోనియం బాగుచేసేవారి విద్యలో సగం ఇందులోనే ఉన్నది.

పారిస్ హార్మోనియం కాళ్ళతో తొక్కే బల్లవంటిది. నేలమీద కూర్చుని పాడే మన దేశానికి అది సరిపడలేదు. 1875లో కలకత్తాలో ద్వార్కిన్ సంస్థను స్థాపించిన ద్వారకానాథ్ ఘోష్ తిత్తిని పెట్టె వెనుకకు మార్చి, ఎడమచేతికి అప్పగించాడు. పెట్టె చిన్నదై, చంకన పెట్టుకొని పోదగినదైనది. 1885లో ఆరంభమైన సురభి వంటి నాటక సమాజాల కాలంలో తెలుగు రంగస్థలం మీద హార్మోనియం లేని పద్యం లేదన్నంత ప్రచారం వచ్చినది.

ఇంతలో పెద్ద ఆక్షేపణ పుట్టినది. హార్మోనియం స్వరాలు మెట్టు మెట్టుగా తెగిపోతాయి, ఒక స్వరంనుండి మరొకదానికి జారే గమకం దానిపై పలకదు అని విద్వాంసులు విమర్శించారు. దాని శ్రుతి విభజననూ తప్పుపట్టారు. పాశ్చాత్య పద్ధతిలో స్థాయిని 12 సమభాగాలు చేస్తారు. ప్రతి మెట్టు ముందుదానికి సుమారు 1.0595 రెట్లు. షడ్జమం సెకనుకు 240 కంపనాలు అయితే సహజమైన అంతర గాంధారం 300 కావాలి. సమవిభజనలో అది 302.4 అవుతుంది. రెండింటినీ కలిపి పలికిస్తే సెకనుకు రెండుసార్లకు పైగా ధ్వని హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది.

ఈ కారణాలతో ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించినది. 1971లోగాని ఆ నిషేధం సడలలేదు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ మూడు పట్టణాలు నిజాం రాజ్యంలో ఉండేవి. హైదరాబాదు రేడియో కూడా 1950 వరకు ఆకాశవాణికి వెలుపలిదే. రేడియోలో వాదం ఎట్లున్నా భజన మందిరంలో, యక్షగానపు పందిరిలో హార్మోనియం మూగపోలేదు.

ఆక్షేపణ మాత్రం అబద్ధం కాదు. దానికి మూలం ఎక్కడున్నది? ఎడమచేయి తిత్తికి బందీ కావడంలో కొంత ఉన్నది. వీణలో ఒక చేయి మీటుతుంది, మరొక చేయి తీగను లాగి గమకం పలికిస్తుంది. హార్మోనియంలో ఆ రెండవ చేయి గాలికోసం శ్రమిస్తుంది. అది ఖాళీగా ఉన్నా ఇత్తడి నాలుకను తీగవలె లాగడానికి వీలులేదు.

విద్యుత్తు ఈ రెండు కట్లనూ విప్పినది. 1980లో మూగ్ సంస్థ ‘లిబరేషన్’ అనే కీటార్‌ను తెచ్చినది. ఆ పేరుకు విముక్తి అని అర్థం. ఇందులో తిత్తి లేదు, నాలుక లేదు. ఎడమచేయి వాద్యపు మెడమీదికి చేరినది. అక్కడ వేలితో నడిపే సాధనంతో శ్రుతిని పైకి, క్రిందికి జార్చవచ్చును. 1983లో వచ్చిన ‘మిడి’ సంకేత పద్ధతిలో ఈ జారుడుకు 16,384 అంతస్తులు గలవు. సాధారణంగా అవి రెండు మెట్లు పైకి, రెండు మెట్లు క్రిందికి విస్తరిస్తాయి. చెవికి అది ఎడతెగని జారుగానే తోస్తుంది. చెన్నైకి చెందిన కీబోర్డు సత్యనారాయణన్ ఈ సాధనంతోనే కర్ణాటక సంగీతపు గమకాలను కచేరీలలో వినిపించారు.

కీటార్ గూటిని చెక్కతో స్వయంగా చేయించుకొనేవారు కూడా ఉన్నారు. అందులో వడ్రంగి ఎదుర్కొనే ప్రశ్న బరువు. మూడు స్థాయిలకు 37 మెట్లు కావాలి. వాటిలో తెల్లవి 22. ఒక్కొక్కటి 23.5 మిల్లీమీటర్లు అనుకుంటే మెట్ల వరుసకే సుమారు 52 సెంటీమీటర్లు పడుతుంది. మెడతో కలిపి వాద్యం 90 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 4 మందం అనుకుందాం. ఘనమీటరుకు 650 కిలోల టేకును దిమ్మగా వాడితే బరువు దాదాపు 6 కిలోలు. అదే టేకును 6 మిల్లీమీటర్ల పలకలుగా కోసి డొల్లపెట్టెగా అతికిస్తే గూడు 2 కిలోలకు దిగుతుంది. హార్మోనియం పెట్టె చేసే వడ్రంగికి ఈ రహస్యం ఎవరూ చెప్పనక్కరలేదు. గోదావరికి ఆవల నిర్మల్‌లో బొమ్మలు చెక్కే పొనికి కర్ర ఇంకా తేలిక. కాని అది మెత్తన. మరలు బిగించే చోట గట్టి కర్ర ముక్కను అతికించుకోవాలి.

రెండవ ప్రశ్న ఋతువులది. జగిత్యాల వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, వెంటనే వానకాలపు చెమ్మ వస్తుంది. కర్ర పొడవున పెద్దగా మారదు గాని అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకొంటుంది. కనుక బాగా ఆరిన కర్రనే ఎన్నుకోవాలి. మెట్ల వరుసకు ఇరుప్రక్కలా సన్నని సందు వదలాలి. లేకుంటే వానకాలంలో మెట్లు పట్టేస్తాయి.

ఇక పట్టీ. వెడల్పు ఐదు రెట్లయితే భుజంపై ఒత్తిడి అయిదవ వంతు అవుతుంది. అటువంటి మందపు నూలు పట్టీ నేయడం సిరిసిల్ల మగ్గానికి కష్టం కాదు.

లోపలి విద్యుత్ పరికరాలు ఎక్కడినుండో రావచ్చును. గూడు, మెడ, పట్టీ మాత్రం ఈ నేలమీదనే తయారు కాగలవు. పారిస్ బల్లను కలకత్తా పెట్టెగా మార్చినది కూడా కూర్చునే తీరు తెలిసిన పనివాని చేయే. ముప్పది యేండ్లు రేడియో గడప దాటలేని వాద్యానికి లోపించిన గమకాన్ని, దాని వారసురాలి మెడలో వెదకి పట్టే అవకాశం నేటి వడ్రంగికీ వాదకునికీ సమానంగా ఉన్నది.