రాగిరేకు మీది ద్వీపవాసులు, నీటిరంగుల్లో సీమవాసులు

పసిఫిక్ ద్వీపవాసుల ముఖాలను 18వ శతాబ్దపు యూరపు చదువరులు రాగిరేకు చెక్కడపు పటాలలోనే చూశారు. నునుపైన రాగిరేకు మీద సన్నని ఉక్కు ఉలితో గీతలు తొలిచి, వాటిలో సిరా నింపి, పైసిరాను తుడిచేసి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే బొమ్మ కుడిఎడమలు తిరగబడి కాగితానికి ఎక్కుతుంది. చిత్రకారుడు కళ్లారా చూసిన ముఖానికీ పాఠకుడి చేతికి వచ్చిన ముఖానికీ మధ్య, ఆ మనిషిని ఎన్నడూ చూడని చెక్కడపు పనివాడి అభిరుచి నిలిచేది. ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ రెండవ యాత్రలో (1772–75) పాల్గొన్న విలియం హాడ్జెస్ చిత్రాల ఆధారంగా 1777లో వెలువడిన పటాలలో ఒమాయ్, ఒటూ వంటి కొందరికి సొంత పేర్లు దక్కగా, చాలామంది ‘టానా ద్వీపపు పురుషుడు’ వంటి శీర్షికల కింద జాతికి నమూనాలుగా మిగిలారు. టోంగాలోని ఒక తీరంలో దిగిన దృశ్యాన్ని చూపే పటంలో ద్వీపవాసులకు గ్రీకు శిల్పాల పోలికలు వచ్చాయని, అదే యాత్రలో ఉన్న గియోర్గ్ ఫోర్‌స్టర్ ఆనాడే ఆక్షేపించాడు.

ఆ హాడ్జెసే 1780లో మద్రాసు చేరాడు. అంతకు ముందు ఏడే కడప నవాబును ఓడించి సిద్ధవటం, కడప సీమలను వశం చేసుకున్న మైసూరు పాలకుడు హైదర్ అలీ, 1780 జూలైలో కర్ణాటక మైదానం మీదికి దిగడంతో లోపలి దారులు మూసుకుపోయి, చిత్రకారుడు మరుసటి ఏడు బెంగాలు వెళ్లిపోయాడు. పసిఫిక్ ముఖాలు గీసిన చేయి రాయలసీమ ముఖాలను గీయకుండానే పోయింది.

ఆ పని మరో దారిన జరిగింది. స్కాట్లండు పడమటి తీరాన ఉన్న లూయిస్ ద్వీపంలో పుట్టిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం దర్శించి, ఆలయ ప్రాకారపు శిల్పాలనూ నల్లమల చెంచులనూ గురించి రాసిన వృత్తాంతం 1798లో అచ్చయింది. మైసూరు నుంచి తనకు దక్కిన కడప, బళ్లారి ప్రాంతాలను 1800లో నిజాం కంపెనీకి ధారాదత్తం చేయగా అవి దత్తమండలాలయ్యాయి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉండింది. మెకంజీ సేకరణలో 1800–1801 నాటి బాలాఘాట్ వేషధారణల చిత్రసంపుటి ఒకటి ఉంది. బాలాఘాట్ అంటే కనుమలకు ఎగువనున్న మెట్టసీమ. సర్వే చిత్రకారులు నీటిరంగులతో కట్టూబొట్టూ చూపుతూ గీసిన ఈ బొమ్మలలో మనిషికి గుర్తు చాలావరకు కులమో వృత్తో. కంపెనీ కలెక్టరు థామస్ మన్రో దత్తమండలాలలో సుమారు 80 మంది పాలెగాళ్లను అణచివేయబూనిన కాలమే అది. కొత్త ఏలికలకు మనుషులను వర్గాలుగా గుర్తించవలసిన అవసరం తీవ్రంగా ఉన్న రోజులలో శీర్షికలు ఇలా ఉండడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

పేర్లు నిలిచింది కైఫియత్తులలో. ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాలు, పాలెగాళ్ల వంశక్రమం గురించి కరణాలు చెప్పినదీ, వారి దగ్గరున్న కవిలెలలో దొరికినదీ చేర్చి రాసిన గ్రామ వృత్తాంతమే కైఫియత్తు. 1796 నుంచి మెకంజీకి తోడైన కావలి బొర్రయ్య, 1803లో బొర్రయ్య మరణించాక ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఈ సేకరణను నడిపించారు. చిత్రాన్ని గీసినవాడు బయటినుంచి చూశాడు, కైఫియత్తులో ఊరే మాట్లాడింది. ఈ తేడా వల్లనే కైఫియత్తు విలువ చిత్రపు విలువను మించుతుంది.

1811లో జావా దండయాత్రలో వెళ్లిన మెకంజీ అక్కడా చిత్రాలు, రాతప్రతులు పోగుచేశాడు. 1817లో రాఫుల్స్ వెలువరించిన జావా చరిత్రలో విలియం డేనియల్ సిద్ధం చేసిన పటాలు ఆక్వాటింట్లు, అంటే రాగిరేకు మీద గుగ్గిలపు పొడి అద్ది, ఆమ్లంతో కొరికించి నీటిరంగుల ఛాయలు రప్పించే అచ్చులు. సీమ చిత్రాలకు అలాంటి అచ్చు భాగ్యం కలగలేదు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల నాటికి రాగిరేకు స్థానంలోకి ఫొటో వచ్చేసింది.

1821లో మెకంజీ మరణించాక ఆయన సేకరణను ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. చిత్రాలు లండను చేరాయి, తెలుగు రాతప్రతులు చివరికి మద్రాసు చేరాయి, సి.పి. బ్రౌన్ వాటికి శుద్ధప్రతులు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులు ఇప్పుడు కడపలోనే సంపుటాలుగా అచ్చయి దొరుకుతున్నందున, బాలాఘాట్ బొమ్మలను వాటి పక్కన పెట్టి చూస్తే, కులమో వృత్తో తప్ప మరేమీ చెప్పని శీర్షికకు ఊరూ, చెరువూ, మాన్యమూ తోడవుతాయి.